చిగుళ్ళ వాపు, రాత్రి దాహం: చెంగ్డూ ఓపీలో చూసిన ఒక కేస్

రోగికి 47 ఏళ్ళు. చైనాలోని చెంగ్డూలో ఒక హాట్‌పాట్ హోటల్లో (బల్ల మీద మరిగే కారపు పులుసులో ముక్కలు ముంచి తినే వంట అది) మసాలా ముద్ద వేయించే వంటమాస్టర్. 2017 అక్టోబరులో ఓపీకి వచ్చారు. పైన కుడివైపు దవడ పళ్ళ దగ్గర చిగురు వాచి అయిదు రోజులుగా నొప్పి. మూడేళ్ళుగా ఏడాదికి నాలుగైదుసార్లు ఇలాగే వాస్తోందట, తగ్గుతోందట. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి ఏవీ మార్చలేదు.

నేనప్పుడు అక్కడ చైనా సంప్రదాయ వైద్యంలో పీజీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఉదయం ఓపీలో మా గురువుగారి పక్కన కూర్చుని రాసుకోవడం, మధ్యాహ్నం ఆవిడ పర్యవేక్షణలో సొంతంగా రోగుల్ని చూడటం. ఈయన వచ్చింది మధ్యాహ్నం. గదిలోకి అడుగుపెట్టగానే ఎండుమిరప, గొడ్డుకొవ్వు కలిసిన వాసన వచ్చింది. చొక్కా మార్చుకున్నా ఆ వాసన జుట్టుకు పట్టి ఉంది. హాట్‌పాట్ ముద్ద అంటే గొడ్డుకొవ్వు కరిగించి, అందులో పీషియెన్ నుంచి వచ్చే బాకలాగింజల కారపు పేస్టు, ఎండుమిరప, నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియం వేసి గంటల తరబడి కలుపుతూ వేయించాలి. పొయ్యి ముందు నుంచి కదలడానికి ఉండదు. రుచి చూడటానికి రాత్రికి ముప్పై నలభైసార్లు చెంచా నాలుక మీద పెట్టుకుంటానని ఆయనే చెప్పారు.

కుర్చీలో కూర్చోగానే "షాంగ్ హువో, డాక్టర్ గారూ, ఇంకేముంది" అన్నారు.

షాంగ్ అంటే పైకెక్కడం, హువో అంటే నిప్పు. చైనాలో నోరు పూసినా, గొంతు మండినా, మొటిమ లేచినా, చిగురు వాచినా ఈ మాటే అంటారు. మన ఇళ్ళల్లో "వేడి చేసింది" అంటామే, అచ్చంగా అదే. మామిడిపళ్ళు ఎక్కువ తిన్నాక మా అమ్మ అనే మాట సుమారు మూడు వేల కిలోమీటర్ల దూరంలో ఒక వంటమాస్టర్ నోట విన్నప్పుడు నాకు ఆ వైద్యం పరాయిదిగా అనిపించలేదు. కానీ ఆ దగ్గరితనమే ఈ కేసులో నన్ను తొందరపెట్టింది.

నోరు తెరిపించి టార్చి వేసి చూశాను. పైన కుడివైపు మొదటి, రెండో దవడ పళ్ళ చుట్టూ చిగురు ఎర్రగా, నున్నగా, ఉబ్బి మెరుస్తోంది. ఆరోగ్యంగా ఉన్న చిగురు మీద నారింజ తొక్కలా సన్నని చుక్కలు కనిపిస్తాయి. ఇక్కడ అవేమీ లేవు. దూదిపుల్లతో మెల్లగా ఒత్తితే రక్తం వచ్చింది, దాని వెనక కొంచెం చీము. కింది ముందు పళ్ళ లోపలివైపు గోధుమరంగు గార గట్టు కట్టి ఉంది. నోటి దుర్వాసన బాగా ఉంది. చల్లటి నీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉందన్నారు, వేడి టీ తగిలితే ప్రాణం పోతోందన్నారు. మూడు రోజులుగా విరేచనం కాలేదు. ముఖం ఎర్రబడి ఉంది, మాటలో చిరాకు. నాలుక ఎరుపు, మధ్యలో మందంగా పసుపు పాచి. నాడి జారుతూ వేగంగా, కుడి మణికట్టు మీద నడిమి వేలు కింద గట్టిగా కొట్టుకుంటోంది. చైనా నాడీపరీక్షలో ఆ నడిమి చోటు కడుపుది, ప్లీహానిది.

జ్వరం లేదు. దవడ కింద వాపు లేదు. నోరు మామూలుగానే తెరుచుకుంటోంది, మింగడానికి ఇబ్బంది లేదు. ఈ నాలుగూ ముందు చూసుకోవాలని మా గురువుగారు మొదటి రోజు నుంచీ నూరిపోశారు. చిగురు వాపుతో జ్వరం వచ్చి, దవడ కింద గట్టిగా వాచి, నోరు తెరవలేక, ఉమ్మి మింగలేక అవస్థ పడుతున్న మనిషికి నాడి చూస్తూ కూర్చోకూడదు. ఆ ఇన్ఫెక్షన్ మెడలోకి దిగి ఊపిరాడకుండా చేస్తుంది. ఎమర్జెన్సీకి పంపడమే పని.

వేడి ఏ దారిన ఎక్కింది

చైనా వైద్యంలో పన్ను వేరు, చిగురు వేరు. "పళ్ళు ఎముకల మిగులు" అంటారు. ఎముకలకు యజమాని మూత్రపిండం కాబట్టి పన్ను కదలడం, అరగడం, రాలడం దాని ఖాతాలోకి వెళ్తాయి. చిగురు మాంసం, కడుపు సొత్తు. కడుపు నాడీమార్గం పై పళ్ళలోకి వెళ్తుందని, పెద్దపేగు మార్గం కింది పళ్ళలోకి వెళ్తుందని రెండు వేల ఏళ్ళ నాటి 'లింగ్ షూ'లో ఉంది. అందుకే చిగురు నొప్పి అనగానే పైనా కిందా అని అడుగుతారు. ఈ మార్గాలను ఎవరూ శరీరం కోసి చూపించలేదు. రోగి చెప్పే లక్షణాలను ఒక వరుసలో పెట్టుకోవడానికి ఆ వైద్యులు గీసుకున్న పటం అది. ఆ పటం చేతిలో ఉంటే ఏమేం అడగాలో మర్చిపోం.

ఈయన విషయంలో ఆ పటం స్పష్టంగానే ఉంది. కారం, కొవ్వు, సారా, పొయ్యి సెగ, రాత్రి మేలుకోవడం. కడుపులో పుట్టిన వేడి పై చిగురుకెక్కింది. విరేచనం కాకపోవడంతో కిందకు దిగే దారి మూసుకుపోయింది. కడుపు నిప్పు, నిండు లక్షణం (లోటు వల్ల కాదు, వేడి ఎక్కువై వచ్చింది) అని రాసుకున్నాను.

మందు 'చింగ్ వెయ్ శాన్'. కడుపును చల్లబరిచే మందు అని అర్థం. 13వ శతాబ్దం మొదట్లో ఉత్తర చైనాలో వైద్యం చేసిన లీ దొంగ్‌యువాన్ కట్టిన యోగం ఇది. కడుపుకు బలమని వేడి మందులు మింగి, పైనా కిందా పళ్ళు నొప్పెట్టి, నొప్పి తలలోకి లాగి, ముఖమంతా మండిపోతున్న వాళ్ళ కోసం రాశాడు. అయిదే దినుసులు. అందులో నాకు బాగా నచ్చేది, మొదట్లో అర్థం కానిది, షెంగ్ మా. మంట పైకెక్కిన రోగికి పైకి లేపే గుణమున్న వేరు ఎందుకు? చిగురులో మూసుకుపోయిన వేడిని హ్వాంగ్ లియెన్ అనే చేదు దుంపతో అణిచేస్తే లోపలే మగ్గుతుంది, షెంగ్ మా తలుపు తీసి దాన్ని బయటికి వెళ్ళనిస్తుంది. కుక్కర్ విజిల్ లేవకుండా అదిమిపెడితే లోపలి ఆవిరి లోపలే ఉంటుందని అక్కడి తోటి విద్యార్థులకు చెప్పి ఒప్పించాను.

నేను రాసింది: షెంగ్ దీ 15 గ్రాములు, ము దాన్ పీ 10, షెంగ్ మా 6, దాంగ్ గుయ్ 6, హ్వాంగ్ లియెన్ 5. వీటికి జిప్సం 30 గ్రాములు దంచి ఇరవై నిమిషాలు ముందుగా మరిగించమన్నాను. విరేచనం కోసం దా హ్వాంగ్ 5 గ్రాములు చివర్లో వేయమన్నాను. ఈ లెక్క ఆ మనిషికి, ఆ రోజుకు. చూసి ఎవరూ కాచుకోవద్దు. హ్వాంగ్ లియెన్ షుగర్ మందులతో కలిసి షుగర్‌ను మరీ దించేయగలదు, దాంగ్ గుయ్ రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు ప్రమాదం, దా హ్వాంగ్ గర్భిణులకు పనికిరాదు.

ఆ ఫార్మసీ సంగతి ఒక్కమాట చెప్పాలి. గోడంతా చెక్క సొరుగులు. హ్వాంగ్ లియెన్ సొరుగు తెరిస్తే కోడికాళ్ళలా వంకర్లు తిరిగిన గోధుమరంగు దుంపలు, ఒకటి విరిస్తే లోపల పసుపుకొమ్ములో లేనంత బంగారు పసుపు. అంచు నాలుకకు ఆనిస్తే చేదు నోటి వెనక దాకా పాకి గంటసేపు పోదు. మూగవాడు హ్వాంగ్ లియెన్ తిన్నట్టు అని వాళ్ళకో సామెత, చేదు చెప్పుకోలేడు కాబట్టి. మన మానుపసుపులో ఉండే బెర్బెరిన్ అనే పదార్థమే దీనిలోనూ ఉంది, ఆ రంగూ చేదూ దానివే.

సూదులు మూడు చోట్ల పెట్టాను. వాచిన చెంప మీద పెట్టలేదు. ఇన్ఫెక్షన్ ఉన్నచోట సూది గుచ్చకూడదని నా నియమం. ఎడమచేతి హెగూలో ఒకటి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద. కుడి ముఖానికి ఎడమ చెయ్యి ఎందుకంటే పెద్దపేగు మార్గం పైపెదవి మీద అటుది ఇటూ, ఇటుది అటూ దాటుతుందని చెప్తారు. కుడి పాదం మీద రెండో వేలికీ మూడో వేలికీ మధ్య ఉండే నెయ్‌తింగ్‌లో ఒకటి, కడుపు మార్గం దాటదు కాబట్టి అదే వైపు. మోచేతి దగ్గర ఛూ ఛీలో ఒకటి. హెగూలో సూది తిప్పుతుంటే ఆయన భుజం దాకా బరువుగా పాకుతోందన్నారు. ఇరవై అయిదు నిమిషాల తర్వాత పదికి ఎనిమిది ఉన్న నొప్పి నాలుగన్నారు. గర్భిణులకు హెగూ వాడం.

డెంటల్ విభాగానికి చీటీ కూడా రాసిచ్చాను. అది రెండో అంతస్తులోనే ఉంది.

తగ్గింది, అక్కడే పొరపాటు

ఆరో రోజు వచ్చారు. వాపు దాదాపు పోయింది. విరేచనం అవుతోంది, రెండో రోజు నుంచి కాస్త పలచగా. నొప్పి ఒకటి. పసుపు పాచి సగం తగ్గింది. డెంటిస్టు దగ్గరికి వెళ్ళారా అని అడిగాను. "తగ్గిపోయింది కదా, ఇంకెందుకు? ఆ మిషను చప్పుడు నాకు పడదు" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. దా హ్వాంగ్ తీసేసి, మిగతాది ఇంకో అయిదు రోజులు కొనసాగించమన్నాను.

ఆ రోజు నేను చేసిన తప్పులు రెండు. గార గట్టు కట్టి ఉందని కళ్ళతో చూసి కూడా చీటీ రాసి చేతులు దులుపుకున్నాను. కషాయం వాపును దించగలదు, నొప్పిని దించగలదు. రాయిలా గట్టిపడిన గారను కరిగించే కషాయం ఏ వైద్యంలోనూ లేదు. రెండోది, తనంతట తను ఆయన చెప్పిన ఒక మాటను వదిలేశాను. "మందు మొదలెట్టాక ఆకలి బాగా వేస్తోంది, రాత్రి డ్యూటీలో మూడుసార్లు తింటున్నా" అన్నారు. కడుపు చల్లబడింది, అందుకే ఆకలి బాగుందనుకుని నోట్సులో మంచి సూచన కింద రాసుకున్నాను.

ఇరవై అయిదో రోజు మళ్ళీ వచ్చారు. ఈసారి కింద ఎడమవైపు కూడా.

రోగం అదే, చిగురు వాపు. అయితే మనిషి వేరుగా ఉన్నారు. నొప్పి పొద్దున ఉండటం లేదు, సాయంత్రం మొదలై రాత్రికి ముదురుతోంది. పోటు పోయి సలుపుగా మారింది. చిగురు మొదటిసారిలా ఎర్రగా మెరవడం లేదు, ముదురు రంగుకు తిరిగి కొంచెం వెనక్కి జారి పళ్ళ మొదళ్ళు కనిపిస్తున్నాయి. పైన కుడివైపు మొదటి దవడ పన్నును రెండు పరికరాల మధ్య పట్టి కదిపితే అటూ ఇటూ ఊగింది. నాలుక ఎరుపే గానీ మధ్యలో పాచి ఊడిపోయి, గోడకు వేసిన సున్నం రాలినట్టు నున్నటి మచ్చ ఒకటి ఉంది. నాడి వేగంగా ఉన్నా సన్నబడింది, దారం పట్టుకున్నట్టు తగిలింది.

నేను మళ్ళీ చింగ్ వెయ్ శానే రాయబోతున్నాను, ఈసారి హ్వాంగ్ లియెన్ పెంచి. లీ దొంగ్‌యువాన్ కూడా వేసవిలో దాన్ని రెట్టింపు చేయమన్నాడు కదా అని మనసులో సమర్థించుకున్నాను. అప్పుడే మా గురువుగారు వచ్చారు. అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతారు. నా నోట్సు చూడలేదు. రోగి చెయ్యి తీసుకుని రెండు మణికట్లూ నిదానంగా పట్టుకున్నారు, నాలుక చూశారు, తర్వాత ఆయన బెల్టు చూశారు.

"షీఫూ, ఈ బెల్టుకి కొత్త రంధ్రం ఎప్పుడు వేయించారు?"

షీఫూ అంటే పనితనం ఉన్న మేస్త్రిని మర్యాదగా పిలిచే పిలుపు. ఆయన బెల్టు వైపు చూసుకుని, ఎండాకాలంలో అన్నారు. పొట్ట తగ్గిందని ఇంట్లోవాళ్ళు సంతోషించారట.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?"

"నాలుగు. నీళ్ళు ఎక్కువ తాగుతాను కదండీ, పొయ్యి ముందు పని."

ఆవిడ నా వైపు తిరిగి "నువ్వు నోట్లోకి చూశావు, మనిషిని చూడలేదు" అన్నారు. గట్టిగా అనలేదు. అందుకే ఇన్నేళ్ళు గుర్తుంది.

షియావ్ ఖ

ఎంత తాగినా తీరని దాహం, ఎంత తిన్నా ఆరని ఆకలి, ఎక్కువ మూత్రం, చిక్కిపోయే ఒళ్ళు. ఈ నాలుగూ కలిస్తే చైనా వైద్యులు 'షియావ్ ఖ' అంటారు, అంటే కరిగించే దాహం. మన ఆయుర్వేదంలో మధుమేహం ఎలాగో అక్కడ ఇది అలా. అందులో కడుపు వేడి ప్రధానంగా ఉన్న రకానికి తిన్నది తిన్నట్టు కాలిపోవడమే గుర్తు. నేను మంచి సూచన అనుకుని రాసుకున్న ఆకలి ఆ గుర్తే. ఆ వైద్యం నాకు చెప్పాల్సింది చెప్పింది, నేనే వినలేదు.

వేలి మీద చుక్క రక్తం తీసి అక్కడే చూశాం. మర్నాడు పరగడుపున ల్యాబులో చేయిస్తే 11.6 మిల్లీమోల్స్. మన లెక్కలో సుమారు 209 మిల్లీగ్రాములు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1 శాతం. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ కింద లెక్క. ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు, ఏడాది నుంచైనా ఉండి ఉండాలి.

షుగర్‌కీ చిగుళ్ళకీ రెండువైపులా ముడి ఉంది. షుగర్ ఎక్కువున్నవాళ్ళ చిగుళ్ళు సూక్ష్మక్రిములతో సరిగ్గా పోరాడలేవు, గాయం మానదు, ఎముక తొందరగా కరుగుతుంది. అటు, చిగుళ్ళలో నెలల తరబడి రగిలే వాపు షుగర్‌ను అదుపులోకి రానివ్వదు. చిగుళ్ళ వేళ్ళ దాకా శుభ్రం చేయించుకున్న షుగర్ రోగుల్లో మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది. కొత్తగా ఒక మాత్ర మొదలుపెట్టినంత మేలు కాకపోయినా, చిగుళ్ళ క్లీనింగ్‌తో అంత రావడం చిన్న విషయం కాదు.

అదే రోజు ఆయన్ని రెండో అంతస్తుకు నేనే తీసుకెళ్ళాను. డెంటిస్టు సన్నని కొలతపుల్ల చిగురుకీ పన్నుకీ మధ్య దించి అంకెలు చదువుతుంటే నర్సు రాసుకుంటోంది. మామూలుగా మూడు మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఈయనకు పైన కుడివైపు ఏడు, ఆరు, ఏడు. కింద ఎడమవైపు ఆరు. ఎక్స్‌రేలో మొదటి దవడ పన్ను వేరు చుట్టూ ఎముక సగం దాకా లేదు. చీము తీశారు, షుగర్ కొంచెం దిగాక నోటిని నాలుగు భాగాలు చేసి వారానికో భాగం లోతుగా శుభ్రం చేస్తామన్నారు. షుగర్ విభాగంలో మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టారు.

మందు ఎందుకు మారింది

మొదటి అయిదు రోజులు చింగ్ వెయ్ శాన్ ఇవ్వడం తప్పని నేననుకోవడం లేదు. ఆ రోజుకు నాలుక, నాడి, విరేచనం మూడూ అదే చెప్పాయి, ఫలితం కూడా చూపించింది. తప్పు కొనసాగించడంలో ఉంది. చేదు, చలువ మందులు వేడిని తీస్తూ తీస్తూ తడిని కూడా తీసేస్తాయి. నాలుక మధ్యలో ఊడిన పాచి నేను చేసిన పని కూడా కావచ్చు. లోపల తడి ముందే తక్కువగా ఉన్న మనిషి అని తెలిసి ఉంటే ఆరో రోజే ఆపేవాడిని.

అన్నం వండేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఎసరు నిండుగా ఉండి పొంగుతుంటే మంట తగ్గించాలి. ఎసరు ఇంకిపోయి అడుగంటుతుంటే మంట తగ్గించినంత మాత్రాన సరిపోదు, నీళ్ళు పోయాలి. రెండు గిన్నెల్లోనూ పైకి వచ్చేది ఆవిరే.

అడుగంటే గిన్నెకు మందు 'యూ న్యూ జియెన్'. 1563లో పుట్టిన జాంగ్ జింగ్‌యుయె ఇచ్చింది. చలువ పేరుతో చేదు మందులు ఎడాపెడా వాడటాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. జిప్సం కడుపు వేడిని తీస్తుంది, షు దీ మూత్రపిండానికి తడినిస్తుంది, జి మూ, మై మెన్ దోంగ్ రెండింటికీ సాయం. చివరి దినుసు నియు షీ. లీ దొంగ్‌యువాన్ షెంగ్ మాతో వేడిని పైకి వదిలేస్తే, మూడు వందల ఏళ్ళు దాటాక ఈయన నియు షీతో కిందకు లాగాడు. ఒకే చిగురుకు ఒకరు కిటికీ తెరిచారు, ఒకరు తూము తెరిచారు. ఎప్పుడు ఏది అన్నది నాలుక మీద పాచి ఉందా ఊడిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ తేడా నేను పుస్తకంలో మూడుసార్లు చదివాను, ఈ కేసులో మాత్రమే నేర్చుకున్నాను.

నియు షీ అంటే ఎద్దు మోకాలు. కాండం మీద కణుపులు ఉబ్బి అలా కనిపిస్తాయి. ఫార్మసీలో ఎండువేరే చూసేవాడిని. ఒకసారి విశ్వవిద్యాలయం మూలికల తోటలో మొక్కను చూసి ఆగిపోయాను, అది మన ఉత్తరేణికి దగ్గరి చుట్టం. అదే కంకి, బట్టలకు అంటుకునే అవే గింజలు. మా తాతయ్య ఉత్తరేణి వేరుతో పళ్ళు తోముకునేవాడు. వినాయకచవితికి పత్రిలో పెట్టే అపామార్గం అదే. రెండు దేశాల్లో రెండు దారుల్లో ఒకే జాతి మొక్క పళ్ళ దగ్గరికే చేరింది.

రెండో యోగంలో జిప్సం 20 గ్రాములు, వేడి ఇంకా ఉంది కాబట్టి షు దీ బదులు అదే వేరు ఉడికించని రూపం షెంగ్ దీ 20, జి మూ 10, మై మెన్ దోంగ్ 12, నియు షీ 10. దాహానికి తియెన్ హ్వా ఫెన్ 12, ఇది మన పొట్లకాయ జాతి తీగ వేరు. హ్వాంగ్ లియెన్ పూర్తిగా తీసేశాను, మెట్‌ఫార్మిన్ మొదలైంది కాబట్టి రెండూ కలిపి షుగర్‌ను ఎంత దించుతాయో తెలియకుండా ఇవ్వదలచుకోలేదు. సూదుల్లో మడమ లోపలివైపున్న తాయ్‌షీ కలిపాను. వారానికోసారి, ఆరు వారాలు.

పంటి నొప్పి అంటే చాలామంది షీ షిన్ అనే వేరు కలుపుతారు. నోరు తిమ్మిరెక్కి నొప్పి బాగా తగ్గుతుంది. నేను కలపలేదు. దాని కుటుంబపు మొక్కల్లో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో అదే ఆమ్లమున్న వేరొక చైనా మూలిక పడి ఎంతోమంది కిడ్నీలు పోయాయి. షీ షిన్ వేరులో అది తక్కువే అంటారు. షుగర్ ఉన్న మనిషి కిడ్నీల మీద ఆ తక్కువను కూడా పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇంకో సంగతి మూడో విజిట్లో బయటపడింది. ఆయన ఏడాదిగా వాపు వచ్చినప్పుడల్లా నియు హ్వాంగ్ జియె దూ మాత్రలు కొని మింగుతున్నారు. అక్కడ ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి, చవక, పని కూడా చేస్తాయి. వాటిలో రియల్గర్ ఉంటుంది, అంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. రెండు మూడు రోజులకు ఉద్దేశించిన మాత్రను నెలల తరబడి మింగితే ఆర్సెనిక్ ఒంట్లో పేరుకుంటుంది. ఆపించి, లివర్, కిడ్నీ పరీక్షలు చేయించాం. అదృష్టవశాత్తు రెండూ బాగానే ఉన్నాయి. సంప్రదాయ మందు కాబట్టి ఏమీ కాదన్న నమ్మకం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఆ నమ్మకంతో వచ్చిన ప్రతి రోగినీ నేను మందు అట్ట చూపించమని అడుగుతాను.

పైపూతకు పుచ్చకాయ లవణం ఇచ్చాం. పుచ్చకాయ, సోడియం సల్ఫేట్ కలిపి మట్టికుండలో పెట్టి చల్లగాలికి ఉంచితే కుండ బయటివైపు తెల్లగా మంచులా పూస్తుంది, దాన్ని గీకి పొడి చేస్తారు. చల్లగా హాయిగా ఉంటుంది. అంతవరకే దాని పని. చెంగ్డూ పెద్దవాళ్ళు సిచువాన్ మిరియం పంటి కింద నొక్కిపెట్టినట్టు, మనం లవంగం పెట్టినట్టు.

తర్వాత

ముప్పై రెండో రోజుకు నొప్పి రెండు, వాపు లేదు. రాత్రి రెండుసార్లే లేస్తున్నారు. డెంటిస్టు దగ్గర మొదటి భాగం పూర్తయింది. మిషను చప్పుడు భరించలేనన్న మనిషి చెవుల్లో సిచువాన్ ఒపెరా పాటలు పెట్టుకుని పడుకున్నారట. పొయ్యి పని మానలేరు, ఆ ఇంటికి అదే ఆధారం. రుచి చూసిన ముద్దను మింగకుండా ఉమ్మేసి నీళ్ళు పుక్కిలించడం, డ్యూటీ అయ్యాక సారా మానడం, పడుకునే ముందు పళ్ళసందు బ్రష్ వాడటం, ఈ మూడూ ఒప్పుకున్నారు. సిగరెట్ రోజుకు ఇరవై నుంచి ఎనిమిదికి వచ్చింది. అక్కడే ఆగింది.

ఇందులో ఏ మేలు దేనివల్ల అని విడదీసి చెప్పలేను. చీము తీసినందుకు, గార తీసినందుకు, షుగర్ దిగినందుకు, కషాయానికి, సూదికి, అన్నిటికీ వాటా ఉంటుంది. నా అంచనాలో పెద్ద వాటా డెంటిస్టుది, షుగర్ మందుది. సూది ఆ మొదటి ఇరవై అయిదు నిమిషాల్లో నొప్పిని సగం చేసింది, అది నేను పక్కన కూర్చుని చూశాను. నాలుక, నాడి చదివే పద్ధతి లేకపోతే గురువుగారు ఆ రెండు ప్రశ్నలు అడిగేవారు కాదు. నా దృష్టిలో ఈ కేసులో చైనా వైద్యం చేసిన అతి పెద్ద మేలు ఆ రెండు ప్రశ్నలే.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో సూదివైద్యం మాత్రమే చేస్తున్నాను. చిగురు వాచిందని వచ్చేవాళ్ళు వేడి చేసిందనే చెప్తారు. మజ్జిగ, సబ్జా నీళ్ళు, బార్లీ అప్పటికే అయి ఉంటాయి. నేను వద్దనను. కానీ సూది తీసే ముందు రాత్రి ఎన్నిసార్లు లేస్తారో, బరువు తగ్గారేమో, బీపీకి ఏ మాత్ర వాడుతున్నారో అడుగుతాను. అమ్లోడిపిన్ కొందరిలో చిగురును పెంచేస్తుంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ కూడా అంతే. అది వేడి కాదు, సూదితో పోదు, మందు రాసిన డాక్టరు మార్చాలి. చిగుళ్ళు ఉబ్బి, ఒంటి మీద నల్లమచ్చలు, నీరసం, జ్వరం ఉంటే రక్తపరీక్ష చేయించకుండా సూది పెట్టను, అరుదుగానైనా రక్తక్యాన్సర్ అలా మొదలవుతుంది. డెంటిస్టు దగ్గరికి చీటీ రాసి ఊరుకోను, వెళ్ళారా లేదా అని మూడో రోజు ఫోన్ చేస్తాను.

ఆరో నెలలో, 2018 ఏప్రిల్‌లో, ఆయన్ని చివరిసారి చూశాను. హెచ్‌బీఏ1సీ 6.9. కొలతపుల్ల అంకెలు చాలాచోట్ల మూడు, నాలుగు. పైన కుడివైపు ఒక్కచోట అయిదు, ఆ దవడ పన్ను ఇంకా కొంచెం ఊగుతోంది. ఎముక తిరిగి రాదు కాబట్టి దాన్ని మూడు నెలలకోసారి చూడాలని డెంటిస్టు రాశారు. నాలుక మధ్య ఊడిన చోట పల్చగా తెల్లటి పాచి కమ్మింది. గురువుగారు దాన్ని చూసి తలూపారు, కషాయం ఆపేశాం. బెల్టు పాత రంధ్రానికి వచ్చింది.

వెళ్తూ ఒక చిన్న డబ్బా బల్ల మీద పెట్టారు. తను వేయించిన ముద్ద, గొడ్డుకొవ్వు లేకుండా నా కోసం ప్రత్యేకంగా ఆవనూనెలో చేశారట. "మీది కారం తినే ఊరే కదా డాక్టర్ గారూ, మీకు పడుతుంది" అన్నారు.

ఆ రాత్రి హాస్టల్లో వేడన్నంలో కలుపుకుని తిన్నాను.